చిన్న సిటీలో స్థిరపడాలా? కాకినాడ, భీమవరం, కరీంనగర్, ఖమ్మం, ప్రొద్దుటూరు లెక్కలు

హైదరాబాద్ అద్దెలతో, బెంగళూరు ట్రాఫిక్‌తో విసిగిపోయి "ఏదైనా చిన్న ఊరికి వెళ్లిపోదాం" అనేవాళ్లు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు. రిటైరైనవాళ్లు, ఇంటి నుంచే పని చేసే ఐటీవాళ్లు, ఏ మందుల షాపో క్లినిక్కో పెట్టుకుందామని చూస్తున్నవాళ్లు, చేతిలో కాస్త డబ్బుండి స్థలం కొనాలనుకునేవాళ్లు. వీళ్లందరూ మొదట అడిగేది ఒకటే: "ఆ ఊరి జనాభా ఎంతండీ?" నన్నడిగితే అది చివర్లో అడగాల్సిన ప్రశ్న. ఆ ఊళ్లో జనం చేతిలో డబ్బు ఏ నెలల్లో ఆడుతుంది, అది ఎక్కడి నుంచి వస్తుంది అనేది ముందు తెలుసుకోవాలి. మీ ఇంట్లో దిగినవాళ్లు అద్దె ఒకటో తారీకున ఇస్తారా, మీ షాపులో ఖాతా ఎన్ని నెలలు సాగుతుంది, స్పెషలిస్టు డాక్టర్లు ఆ ఊళ్లో నిలబడతారా, అన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

అందుకని ఐదు ఊళ్లు తీసుకున్నాను. మూడు ఆంధ్రలోవి, రెండు తెలంగాణవి. ఐదింటికీ ఐదు రకాల జేబులు.

ముందు అంకెలు ఎలా చదవాలో

మన దగ్గరున్న జనాభా లెక్కలన్నీ 2011వి. 2021లో జరగాల్సినవి జరగలేదు, వచ్చే లెక్కలకు ఆధార తేదీ 2027 మార్చి 1. అంటే ఇప్పుడు ఎవరైనా "మా ఊరి జనాభా ఐదు లక్షలు" అంటే అది అంచనా, లేదా రియల్ ఎస్టేట్ బ్రోషర్.

ఇంకో తిరకాసు హద్దులు. ఖమ్మం 2011లో మున్సిపాలిటీ, జనాభా 1.84 లక్షలు. 2012లో చుట్టుపక్కల పల్లెల్ని కలిపి కార్పొరేషన్ చేశారు, దాంతో లెక్క మూడు లక్షల దాకా వెళ్లింది. మనుషులు అక్కడే ఉన్నారు, గీత జరిగింది. కాకినాడది అదే కథ ఇంకో రకంగా: ఊరు వరకూ చూస్తే మూడు లక్షల పైచిలుకు, చుట్టూ ఆనుకుని ఉన్నవి కూడా కలిపితే 4.4 లక్షలు. రెండు ఊళ్లను పోల్చేటప్పుడు ఒకదానికి చిన్న అంకె, ఇంకోదానికి పెద్ద అంకె తీసుకుంటే లెక్క మొదట్లోనే తప్పుతుంది.

జనాభా కంటే నేను ఎక్కువ చూసేది అది ఎంత పెరుగుతోంది అన్నది. 2001 నుంచి 2011 వరకూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సుమారు 11 శాతం పెరిగితే, అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా 3.5 శాతం, తూర్పు గోదావరి 5 శాతం పెరిగాయి. అప్పటి కరీంనగర్, ఖమ్మం జిల్లాలు రెండూ 8 శాతం పైన. కడప జిల్లా మాత్రం దాదాపు రాష్ట్ర సగటుతో సమానం. గోదావరి జిల్లాల్లో పిల్లలు తక్కువ, ఉన్న పిల్లలు హైదరాబాద్‌కో అమెరికాకో వెళ్లిపోతారు, తల్లిదండ్రులు ఊళ్లో మిగులుతారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రలో ఒక స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు, తెలంగాణలో 1.8. స్థానిక ఎన్నికల్లో పోటీకి ఇద్దరు పిల్లల నిబంధన ఉండేది కదా, 2024లో ఆంధ్ర ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. పరిస్థితి ఎక్కడిదాకా వచ్చిందో అర్థం చేసుకోండి. కాబట్టి భీమవరంలో ప్లే స్కూల్ పెట్టాలనుకుంటున్నవాళ్లు ఒకసారి ఆగి, ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే ల్యాబ్ పెడితే ఎలా ఉంటుందో కూడా ఆలోచించండి.

ఆడ-మగ నిష్పత్తి కూడా చాలా చెబుతుంది. 2011లో నిజామాబాద్ జిల్లాలో వెయ్యి మంది మగవాళ్లకు 1,040 మంది ఆడవాళ్లు, కరీంనగర్ జిల్లాలో 1,008. గల్ఫ్ వలస ఎక్కువున్న ప్రాంతాలివి. ఊళ్లో ఇంటి ఖర్చు, బ్యాంకు పని, పిల్లల ఫీజులు ఆడవాళ్లే చూసుకుంటున్న ఇళ్లు ఎక్కువన్నమాట. బట్టల షాపు పెట్టేవాడికైనా, చిట్టీల కంపెనీ పెట్టేవాడికైనా ఇది తెలియాలి.

ఒక్క చూపులో

| ఊరు | 2011 జనాభా (లక్షల్లో) | డబ్బు ఎక్కడి నుంచి | చేతిలో డబ్బు ఆడే కాలం | దెబ్బ ఎటు నుంచి |
|---|---|---|---|---|
| కాకినాడ | 3.1 (ఊరు), 4.4 (చుట్టుపక్కలతో) | జీతాలు, పెన్షన్లు, పోర్టు | నెల నెలా | తుపాను, బియ్యం ఎగుమతి ఆంక్షలు |
| భీమవరం | 1.4 | రొయ్య, చేప, వరి | పట్టుబడులప్పుడు (చెరువులో పెంచిన రొయ్య, చేప పట్టి అమ్మేటప్పుడు), సంక్రాంతికి | రొయ్య ధర, మంచినీళ్లు |
| కరీంనగర్ | 2.6 | గల్ఫ్, గ్రానైట్, వడ్లు, ఆస్పత్రులు | ఏడాదంతా కొంచెం కొంచెం | గల్ఫ్ ఉద్యోగాలు, గ్రానైట్ గిరాకీ |
| ఖమ్మం | 1.8 (పాత హద్దులు) | మిర్చి, పత్తి, గ్రానైట్ | జనవరి నుంచి ఏప్రిల్ | మిర్చి ధర, మున్నేరు వరద |
| ప్రొద్దుటూరు | 1.6 | బంగారం, బట్టల వ్యాపారం | పెళ్లిళ్ల సీజన్, దసరా | బంగారం ధర, ఎండ |

కాకినాడ: నెల జీతం ఊరు

పెన్షనర్ల స్వర్గం అని కాకినాడకు ఎప్పటి నుంచో పేరు, అది ఊరికే రాలేదు. జిల్లా కేంద్రం కావడం వల్ల ఆఫీసులు, రంగరాయ మెడికల్ కాలేజీ (1958), దానికి అనుబంధంగా పెద్ద గవర్నమెంటు ఆస్పత్రి, 1946లో మొదలైన ఇంజనీరింగ్ కాలేజీ చుట్టూ పెరిగి 2008లో యూనివర్సిటీ అయిన జేఎన్‌టీయూ, సముద్రంలో గ్యాస్ తవ్వే ఓఎన్‌జీసీ ఆఫీసులు. వీటన్నిటి వల్లా ఊళ్లో ఒకటో తారీకున జీతం పడే కుటుంబాలు ఎక్కువ. అద్దె మీద బతకాలనుకునే రిటైర్డ్ ఉద్యోగికి ఇంతకంటే కావాల్సింది లేదు.

దానికి తోడు పోర్టు. బాస్మతీ కాని బియ్యం ఎగుమతిలో దేశంలోనే ముందుండే రేవుల్లో ఇదొకటి. యాంకరేజ్ పోర్టులో ఓడ గట్టుకు రాదు, దూరంగా సముద్రంలో నిలబడుతుంది. బస్తాలు బార్జీల్లోకి ఎక్కించి ఓడ దాకా తీసుకెళ్తారు. అంటే ప్రతి ఓడ వెనకా లారీ డ్రైవర్లు, హమాలీలు, బార్జీ వాళ్లు, గోడౌన్ గుమాస్తాలు. 2023 జులైలో కేంద్రం తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసింది, 2024 సెప్టెంబర్‌లో గానీ మళ్లీ వదల్లేదు. ఢిల్లీలో ఒక కాగితం మీద సంతకం పడితే జగన్నాథపురంలో టీ కొట్టు బేరం తగ్గుతుంది. కాబట్టి కాకినాడ అంతా ఒకటే అనుకోకండి. భానుగుడి, సర్పవరం వైపు గిరాకీ జీతాల మీద నడుస్తుంది, పోర్టు వైపు గిరాకీ ఓడల మీద.

ఇబ్బందులు చెప్పాలంటే మొదటిది రైలు. మెయిన్ లైను సామర్లకోట మీదుగా పోతుంది, కాకినాడ పక్కకు ఉన్న కొమ్మ. హైదరాబాద్ వెళ్లాలంటే పెద్ద బాధ లేదు, రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే లింగంపల్లి. చెన్నై, కోల్‌కతా వైపు వెళ్లాలంటే చాలాసార్లు సామర్లకోట పరుగెత్తాలి. విమానం కావాలంటే రాజమండ్రి మధురపూడి. రెండోది సముద్రం. 1996 నవంబర్ తుపాను సంగతి ఆ వయసువాళ్లను ఎవర్నైనా అడగండి. ఉప్పాడ వైపు తీరం ఏళ్ల తరబడి కోసుకుపోతూనే ఉంది, "సీ వ్యూ ప్లాటు" అని ఎవరైనా చూపిస్తే ఆ వ్యూ ఇంకా దగ్గరికొచ్చే అవకాశం ఉందని గుర్తుపెట్టుకోండి.

భీమవరం: పట్టుబడి అయ్యాక ఇస్తా

ఈ ఊరి ఆర్థిక శాస్త్రమంతా ఈ ఒక్క మాటలో ఉంది. చెరువులో రొయ్య పిల్ల వేసిన రోజు నుంచి రైతుకి ఖర్చే: మేత, మందులు, ఏరియేటర్లకు (చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) కరెంటు. చాలామందికి మేత డీలరే అప్పు మీద ఇస్తాడు. మూడు నాలుగు నెలల తర్వాత పట్టుబడి. అప్పుడు కౌంట్ చూస్తారు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయని. వంద కౌంట్ అంటే చిన్న రొయ్య, తక్కువ రేటు. ముప్పై కౌంట్ అంటే పెద్దది, మంచి రేటు. రైతు ముప్పైకి పెంచుదామని చూస్తుంటే మధ్యలో వైరస్ వచ్చిందనుకోండి, దొరికిన కౌంట్‌కి అర్ధరాత్రి వల వేయించాల్సిందే. ఆ డబ్బు ముందు మేత డీలర్‌కి, తర్వాత లీజుకి, ఆ తర్వాత ఇంటికి. ఊళ్లో కిరాణా, స్కూలు ఫీజు, బంగారం షాపు, డెంటిస్టు అందరూ ఆ వరసలో చివర నిలబడతారు.

బాగున్న ఏడాది ఇక్కడ తిరిగినంత డబ్బు ఇంకే ఊళ్లోనూ తిరగదు. లక్షా నలభై వేల ఊరికి ఇన్ని కార్ల షోరూములా అనిపిస్తుంది. సంక్రాంతికైతే కోడిపందేల దెబ్బకు హోటల్ గది దొరకదు. కానీ 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు చెరువు గట్టు మీద టెన్షన్ ఎలా ఉందో చూసినవాళ్లకు తెలుసు. మన రొయ్యకు పెద్ద కొనుగోలుదారు అమెరికానే. చేపల లెక్క కొంచెం వేరు. బొచ్చె, శీలావతి ఐసు పెట్టెల్లో లారీలెక్కి కోల్‌కతాకూ ఈశాన్య రాష్ట్రాలకూ పోతాయి, కాబట్టి ట్రంప్‌తో పని లేదు. భీమవరంలో వ్యాపారం పెట్టేవాడికి నా సలహా: మీ కస్టమర్లలో రొయ్య రైతులు ఎంతమంది, చేపల రైతులు ఎంతమంది, కాలేజీ పిల్లలు ఎంతమంది అని అంచనా వేసుకోండి. ఇంజనీరింగ్ కాలేజీలు చాలా ఏళ్లుగా ఉన్న ఊరు కాబట్టి హాస్టళ్లు, మెస్సులు, జిరాక్స్ షాపులకు పట్టుబడితో సంబంధం లేని గిరాకీ ఉంటుంది.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు పశ్చిమ గోదావరికి భీమవరాన్ని కేంద్రం చేశారు. దాంతో ఆఫీసులొచ్చాయి, ఊళ్లో కొంత నెల జీతం కూడా చేరింది. మంచినీళ్లు మాత్రం అసలు సమస్య. చుట్టూ నీళ్లే, కానీ బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పు. గోదావరి కాలువలు ఏప్రిల్‌లో కట్టేసి జూన్‌లో వదులుతారు, ఆ మధ్యలో చెరువుల్లో నిల్వ పెట్టిన నీళ్లతోనే ఊరంతా గడవాలి. ఇల్లు చూసేటప్పుడు హాలు ఎంత పెద్దదో తర్వాత చూద్దురు గానీ, కుళాయి తిప్పి నీళ్లు నోట్లో పోసుకుని చూడండి.

కరీంనగర్: నాలుగు జేబుల ఊరు

ఒకదాని మీదే ఆధారపడకపోవడం కరీంనగర్ బలం. జగిత్యాల, సిరిసిల్ల వైపు పల్లెల నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు పంపే డబ్బు చివరికి ఖర్చయ్యేది ఎక్కువగా ఇక్కడి టవర్ సర్కిల్ చుట్టుపక్కలే. అది కాక గ్రానైట్. కరీంనగర్ టాన్ బ్రౌన్ రాయి దిమ్మెలు గూడ్స్ రైలెక్కి కాకినాడ పోర్టుకు వెళ్లి అక్కణ్నుంచి చైనా పోతాయి, అంటే మన జాబితాలో ఈ రెండు ఊళ్లకూ నేరుగా చుట్టరికం ఉంది. వడ్లు, విత్తనాల సాగు ఇంకో జేబు. నాలుగోది ఆస్పత్రులు, కాలేజీలు: పెద్దపల్లి, మంచిర్యాల, సిరిసిల్ల, జగిత్యాల నుంచి రోగం వస్తే మొదట వచ్చేది ఇక్కడికే.

2016 అక్టోబర్‌లో పాత జిల్లాను ముక్కలు చేసినప్పుడు కరీంనగర్ పడిపోతుందన్నారు. ఆఫీసుల వరకు కొంత నిజమే, జగిత్యాల వాళ్లకు కలెక్టరేట్ పని మీద ఇటు రావాల్సిన అవసరం పోయింది. షాపింగ్‌కీ ఆస్పత్రికీ రావడం మాత్రం ఆగలేదు. ఊరి పక్కనే దిగువ మానేరు డ్యామ్ ఉంది కాబట్టి నీళ్ల విషయంలో ఈ ఐదింటిలో దీనికే నా ఓటు.

రైలు మాత్రం బలహీనమే. పెద్దపల్లి నుంచి కరీంనగర్ మీదుగా నిజామాబాద్ లైను 2017లో పూర్తయినా, హైదరాబాద్ ప్రయాణం ఇప్పటికీ బస్సు మీదే. రాజీవ్ రహదారి మీద 165 కిలోమీటర్లు, సికింద్రాబాద్ జేబీఎస్ బస్టాండుకు బస్సులకు కొదవ లేదు. వారానికి ఒకట్రెండు రోజులు ఆఫీసుకు రమ్మనే ఐటీ కంపెనీల్లో పనిచేసేవాళ్లకు ఇది నడుస్తుంది, రోజూ అంటే నడవదు.

పనిలో పని ఒక మాట. కాకినాడ 2016లో మొదటి జాబితాలోనే స్మార్ట్ సిటీ, కరీంనగర్ 2017లో. ఆ మిషన్ 2025 మార్చి 31తో ముగిసింది. ఇంకా ఆ పేరు చెప్పి గజం రేటు పెంచే బ్రోకర్ దొరికితే మర్యాదగా టీ తాగి వచ్చేయండి.

ఖమ్మం

రవాణా పరంగా ఐదింటిలో ఇదే ముందు. కాజీపేట–విజయవాడ మెయిన్ లైను మీద ఉంది, అటు విజయవాడ 120 కిలోమీటర్లు, ఇటు హైదరాబాద్ 200 లోపు. రెండు రాష్ట్రాల్లోనూ బంధువులున్న కుటుంబాలకు దీన్ని మించిన ఊరు లేదు. సరిహద్దు జిల్లా కదా, ఇక్కడి మాటలోనూ వంటలోనూ రెండు వైపులూ కలిసిపోయాయి, కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాళ్లకు పరాయి ఊరన్న భావన రాదు.

డబ్బు మాత్రం మిర్చిదే. జనవరి దాటాక వ్యవసాయ మార్కెట్‌కు వెళ్తే గాలికే కళ్లు మండుతాయి, తేజ రకం బస్తాలు గుట్టలుగా పడి ఉంటాయి. పొద్దున జెండా పాట పెడతారు, ఆ రోజు మొదటి వేలం. టీవీలో, పేపర్లో వచ్చే రేటు అదే. కానీ జెండా పాట రేటు పలికేది నాలుగైదు మేలు లాట్లకు, మిగతా రైతులు అంతకంటే తక్కువకే అమ్ముకుని వెళ్తారని ఏటా గొడవ. మీరు ఊరి కొనుగోలు శక్తిని పేపర్లో చూసిన జెండా పాటతో కొలిస్తే పొరపాటే. రేటు నచ్చక సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టినవాడి డబ్బు ఎప్పుడొస్తుందో వాడికే తెలీదు.

2024 సెప్టెంబర్ మొదట్లో మున్నేరు పొంగి కాలనీలకు కాలనీలు మునిగాయి. ఇల్లు కొనేటప్పుడు ఆ వీధిలో కిరాణా షాపు ఆవిడను "అప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయమ్మా" అని అడగండి, గోడ మీద వేలు పెట్టి చూపిస్తుంది. ఏ సర్టిఫికెట్టూ దానికి సాటి రాదు.

ప్రొద్దుటూరు

పెన్నా ఒడ్డున ఉన్న వ్యాపారుల ఊరు. బంగారం, బట్టల అంగళ్ల వల్ల రెండో బొంబాయి అని పేరు తెచ్చుకుంది. జిల్లా కేంద్రం కాదు, అయినా కడప జిల్లా వ్యాపారంలో పెద్దన్న ఇదే. దసరాకు వాసవీ కన్యకా పరమేశ్వరి అమ్మవారిశాల దగ్గర జరిగే ఉత్సవాలు చూస్తే ఊరి పెట్టుబడి ఎవరి చేతుల్లో ఉందో తెలిసిపోతుంది. చుట్టుపక్కల ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు, ఆర్‌టీపీపీ (రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం) వల్ల కొంత జీతం డబ్బు, కువైట్ నుంచి కొంత. ఎర్రగుంట్ల–నంద్యాల లైను 2016లో మొదలయ్యాకే ఊరికి రైలొచ్చింది. ఇక్కడ వ్యాపారం తెలిసినవాడికి అవకాశం ఉంది, కొత్తగా నేర్చుకునేవాడికి కష్టం. ఎందుకంటే ఎదుటివాళ్లు మూడు తరాలుగా అదే చేస్తున్నారు. ఊరితో చుట్టరికం లేకుండా రిటైరై వచ్చి ఉండటానికి నేనైతే సూచించను. ఎండలు గట్టివి, పెద్దాఫీసు పని ఏదున్నా కడప పోవాలి.

మరి ఎవరికి ఏది

రిటైరైన దంపతులకు, పిల్లలు విదేశాల్లో ఉంటే: కాకినాడ మొదట, కరీంనగర్ రెండు. ఆస్పత్రి దగ్గర, తోటి పెన్షనర్లు ఎక్కువ. పిల్లలు అమెరికా నుంచి వచ్చిపోయేటప్పుడు విమానాశ్రయం దూరం ఒక్కటే లోటు. సొంతూరు భీమవరం పక్కనే అయితే నా మాట పక్కన పెట్టి అక్కడికే వెళ్లండి. చుట్టాలు పక్కనుంటే కలిగే ధైర్యం ఏ టేబుల్లోనూ పట్టదు.

ఇంటి నుంచి పని, స్కూలుకెళ్లే పిల్లలు: ఖమ్మం లేదా కరీంనగర్. కంపెనీ ఎప్పుడు పిలిచినా పొద్దున బయల్దేరి మధ్యాహ్నానికి హైదరాబాద్‌లో ఉండొచ్చు. భార్యాభర్తల్లో ఒకరికి ఊళ్లోనే ఉద్యోగం కావాలంటే మాత్రం కాలేజీలు, ఆస్పత్రులు ఎక్కువున్న కరీంనగర్, కాకినాడ చూడండి. చాలామంది ఇది మర్చిపోయి ఒకరి ల్యాప్‌టాప్ చూసుకుని ఊరు మారుతున్నారు.

షాపు లేదా క్లినిక్ పెట్టేవాళ్లకు: పెట్టుబడి తక్కువుండి నెల నెలా రాబడి కావాలంటే కాకినాడ. ఆరు నెలలు అప్పు మీద సరుకివ్వగల దమ్ముంటే భీమవరం, లాభం ఎక్కువ, నిద్ర తక్కువ. ఖమ్మంలో ఏదైనా మొదలుపెడితే డిసెంబర్‌కల్లా తెరవండి, మేలో తెరిస్తే మొదటి ఆరు నెలలు ఈగలు తోలుకోవాలి.

స్థలం కొని పడేద్దాం అనేవాళ్లకు: జనాభా నెమ్మదిగా పెరిగే జిల్లాలో ధర పెరిగితే అది ఉండటానికి కొన్నవాళ్ల వల్ల కాదు, ఎక్కడో డబ్బు ఎక్కువై అక్కడ పెట్టినవాళ్ల వల్ల. అలాంటిచోట కొనడం సులువు, అమ్మడం ఏ పట్టుబడి బాగున్న ఏడాది కోసమో కాచుకోవడం.

ఏది ఎంచుకున్నా ముందు పదకొండు నెలల అగ్రిమెంటుతో అద్దెకుండండి. అది కుదరకపోతే కనీసం ఊరు చూడ్డానికి వెళ్లే నెల జాగ్రత్తగా ఎంచుకోండి, ఊరు బాగున్నప్పుడు కాకుండా దాని కష్టకాలంలో వెళ్లాలి. భీమవరం సంక్రాంతికి వెళ్లి మురిసిపోకండి, కాలువలు కట్టేసిన మే నెలలో వెళ్లండి. కాకినాడ నవంబర్ వానల్లో, ఖమ్మం సెప్టెంబర్‌లో, కరీంనగర్ ఎండాకాలంలో. ప్రొద్దుటూరు ఆషాఢంలో వెళ్లండి. పెళ్లిళ్లు లేక బంగారం అంగళ్లు ఖాళీగా ఉంటాయి కాబట్టి షాపు యజమాని కూర్చోబెట్టి ఊరి సంగతులన్నీ తీరిగ్గా చెబుతాడు.